సగంలో ఆగిన పంటి చికిత్స, మరల మరల అడిగే రుసుము

పంటి నొప్పితో వైద్యుని ముందు కూర్చున్న వ్యక్తి బేరమాడే స్థితిలో ఉండడు. రాత్రంతా నిద్ర లేక, ఒక పూట పని మానుకొని వచ్చినవారికి ముందుగా నొప్పి తగ్గాలి. ఎంత ఖర్చవుతుందన్న ప్రశ్నకు నోటిమాటగా వచ్చిన జవాబునే ఒప్పందంగా భావించి, కొంత సొమ్ము కట్టి ఇంటికి వస్తారు. రెండు మూడు పర్యాయాలు వెళ్ళిన తరువాత, చికిత్స ముగియక ముందే మరల రుసుము అడిగినప్పుడు చిక్కు మొదలవుతుంది. అది మొదట చెప్పిన సొమ్ములో భాగమా, కొత్త పనికి కొత్త రుసుమా, లేక ఒకే పనికి రెండవసారి వసూలా అన్నది రోగికి తెలియదు.

నాయ్‌గావ్‌లోనూ, నాందేడ్ జిల్లాలోని ఇతర పట్టణాలలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ చిక్కు మరికొంత పెద్దది. చికిత్స నాందేడ్‌లో మొదలై ఉండవచ్చు. పండుగకు సొంత ఊరు వెళ్ళినప్పుడు నిజామాబాదులోనో హైదరాబాదులోనో మొదలై ఉండవచ్చు. బిల్లు మరాఠీలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. ఎవరిని అడగాలో, ఏ భాషలో అడగాలో, ఏ ఊరిలో ఫిర్యాదు చేయాలో తెలియక చాలామంది అడిగినంత కట్టివేస్తారు. లేదా చికిత్సనే మానివేసి పన్ను పోగొట్టుకుంటారు. ఈ రెండు నష్టాలనూ తప్పించుకునే మార్గాన్ని ఈ పాఠం వివరిస్తుంది.

రుసుముపై వివాదం తలెత్తినప్పుడు మొట్టమొదట చేయవలసిన పని లెక్క రాయడం. ఏ పనికి ఎంత ఒప్పుకున్నారు, అందులో ఏ పని జరిగింది, ఇప్పటికి ఎంత చెల్లించారు అనే మూడు విషయాలు కాగితం మీదికి వస్తే సగం వివాదం అక్కడే తేలిపోతుంది. మిగిలిన సగానికి ఏ ద్వారం తట్టాలో కూడా ఆ లెక్కే చెబుతుంది.

చికిత్సలోని దశలు

దంతచికిత్సలలో చాలా వాటిని ఒక్కరోజులో ముగించడం సాధ్యం కాదు. రూట్ కెనాల్ చికిత్సలో మొదట పంటిని తెరిచి, లోపల కుళ్ళిన భాగాన్ని తొలగిస్తారు. తరువాత వేరులోని సన్నని నాళాలను శుభ్రం చేసి, మందు పెట్టి, పైన తాత్కాలిక ఫిల్లింగు వేస్తారు. మరొక పర్యాయం నాళాలను శాశ్వతంగా పూడ్చి, ఎక్స్‌రే తీసి సరిచూస్తారు. ఆపైన పంటికి గట్టి ఫిల్లింగు, అవసరమైతే క్యాపు అమరుస్తారు. పంటి స్థితిని బట్టి ఇది ఒక పర్యాయంలోనూ ముగియవచ్చు, మూడు నాలుగు పర్యాయాలూ పట్టవచ్చు.

పళ్ళకు క్లిప్పులు వేసే చికిత్స సామాన్యంగా ఏడాదిన్నర నుండి రెండేళ్ళు సాగుతుంది. నెలకొకసారి తీగను సరిచేయించుకోవాలి. ఇంప్లాంట్ విషయంలో దవడ ఎముకలో అమర్చిన మేకు ఎముకతో కలిసిపోవడానికి కొన్ని నెలలు వేచి ఉండాలి. ఆ తరువాతనే పైపన్ను వస్తుంది. కాబట్టి పలుమార్లు రమ్మనడం మోసానికి గుర్తు కాదు. ప్రతి రాకకూ వేరుగా సొమ్ము ఉంటుందా, లేక మొత్తం చికిత్సకు ఒకే సొమ్మా అన్నది మొదటి రోజే తేలకపోవడం వల్లనే తరువాత తగవు వస్తుంది.

కొత్త రుసుము ఎప్పుడు సమంజసం

వైద్యశాల అదనంగా అడిగే ప్రతి రూపాయీ అన్యాయమని భావించరాదు. ఒక నాళం అనుకున్నచోట రెండు ఉండవచ్చు. పక్క పన్ను కూడా చెడి ఉన్నట్లు ఎక్స్‌రేలో కనిపించవచ్చు. రోగి చెప్పిన తేదీలకు రాక, నెలల తరువాత వచ్చేసరికి తాత్కాలిక ఫిల్లింగు ఊడిపోయి, శుభ్రం చేసిన నాళం మరల చెడిపోయి ఉండవచ్చు. ఇటువంటి సందర్భాలలో కొత్త పని నిజంగా ఉన్నది; దానికి రుసుము అడగవచ్చు. అయితే పని మొదలుపెట్టక ముందే కారణమూ సొమ్మూ చెప్పి, రోగి అంగీకారం పొందాలి.

మొదటి మొత్తంలో చేరి ఉన్న పనికే మరొక పేరుతో సొమ్ము అడగడం, చెల్లించిన ముందస్తు సొమ్మును లెక్కలో చూపకపోవడం, వైద్యుడు మారినందున మొదటి నుండి కట్టాలనడం, వైద్యశాల తన కారణాలతో తేదీలు వాయిదా వేసి ఆ ఆలస్యపు భారాన్ని రోగిపై మోపడం ప్రశ్నించదగినవి. క్యాపు అమర్చక ముందే దాని పూర్తి ధర తీసుకొని, అమర్చే రోజున మరల అడగడం కూడా ఈ కోవలోనిదే.

లెక్క రాసే విధానం

కింది ఉదాహరణ కల్పితం. అందులోని సొమ్ములు లెక్క చూపడానికి మాత్రమే. అవి బజారు ధరలు కావు.

ఒక కార్మికుడు ఒక పంటికి రూట్ కెనాల్, క్యాపు కలిపి 9,000 రూపాయలకు ఒప్పుకున్నాడు. అందులో రూట్ కెనాల్‌కు 4,000, క్యాపుకు 5,000. అతడు మొదటి రోజు 3,000, రెండవ పర్యాయం 1,500, మూడవ పర్యాయం 1,500, మొత్తం 6,000 చెల్లించాడు. నాళాలు శుభ్రం చేయడం జరిగింది. శాశ్వతంగా పూడ్చలేదు, క్యాపు అమర్చలేదు. ఇప్పుడు వైద్యశాల మూడు రాకలకు రాకకు 500 చొప్పున 1,500, నాళాలు మరల శుభ్రం చేయడానికి 2,000, క్యాపుకు 5,000, అన్నీ కలిపి 8,500 రూపాయలు కట్టమంటున్నది.

కాగితంపై రాసి చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఒప్పుకున్నది 9,000, చెల్లించినది 6,000, ఒప్పందం ప్రకారం మిగిలినది 3,000 మాత్రమే. అడిగిన 8,500కూ, మిగిలిన 3,000కూ మధ్య తేడా 5,500. ఈ తేడాలో మూడు భాగాలున్నాయి.

మొదటి భాగం 2,000. రూట్ కెనాల్ మొత్తం ధర 4,000 కాగా రోగి అప్పటికే 6,000 ఇచ్చాడు. ఎక్కువైన 2,000 క్యాపు ఖాతాలో జమ కావాలి. ఇది కేవలం కూడికల తప్పు. లెక్క చూపిస్తే చాలావరకు అక్కడే సరిదిద్దుతారు.

రెండవ భాగం 1,500. రాక రుసుము గురించి మొదట చెప్పలేదు. అది ధరల పట్టికలో ఉన్నదా, రోగికి ముందే తెలిపారా అని అడగాలి. రెండూ లేకపోతే దానిని చెల్లించవలసిన ఆధారం లేదు.

మూడవ భాగం 2,000. మరల శుభ్రం చేయడం ఎందుకు అవసరమైనదో తేలాలి. రోగి రెండు నెలలు రాకపోతే వైద్యశాల వాదనలో బలం ఉన్నది. వైద్యుడు అందుబాటులో లేక వైద్యశాలే తేదీలు మార్చినట్లయితే రోగి వాదనలో బలం ఉన్నది. ఎవరు ఏ తేదీ మార్చారో ఫోనులోని సందేశాలు చెబుతాయి. కాబట్టి వాటిని తొలగించరాదు.

8,500 రూపాయల పెద్ద తగవు ఈ లెక్కతో 2,000 రూపాయల చిన్న ప్రశ్నకు తగ్గింది. మొత్తం మోసమే అని కేకలు వేసినవారికంటే, ఈ మూడు భాగాలను విడదీసి చూపినవారి మాటకు వైద్యశాలలోనూ, తరువాత ఆయోగంలోనూ విలువ ఎక్కువ.

చట్టం ఏమి చెబుతున్నది

రుసుము చెల్లించి పొందే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీం కోర్టు 1995 నవంబరు 13న ఇండియన్ మెడికల్ అసోసియేషన్, వి.పి. శాంత కేసులో నిర్ణయించింది. అందరికీ పూర్తిగా ఉచితంగా సేవ చేసే ఆసుపత్రులు మాత్రం ఈ పరిధిలోకి రావు. 1986 నాటి చట్టం స్థానంలో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రధానంగా 2020 జూలైలో అమలులోకి వచ్చింది. కొత్త చట్టంలోని నిర్వచనంలో ఆరోగ్యసేవ అన్న మాట లేదు కనుక వైద్యులు దాని పరిధిలోకి రారన్న వాదనను బొంబాయి హైకోర్టు 2021లో తోసిపుచ్చింది; 2022లో సుప్రీం కోర్టు కూడా ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు.

ఈ చట్టం ప్రకారం పూర్తి సొమ్ము చెల్లించినవారే కాక, కొంత చెల్లించి కొంత చెల్లిస్తామని ఒప్పుకున్నవారు, వాయిదాల పద్ధతిలో చెల్లించేవారు కూడా వినియోగదారులే. బిడ్డ చికిత్సకు తండ్రి సొమ్ము కడితే ఇద్దరూ వినియోగదారులేనని సుప్రీం కోర్టు 1998లో ఒక ఆసుపత్రి కేసులో తెలిపింది. ఒప్పుకున్న సేవను లోపభూయిష్టంగా చేయడం సేవాలోపం. చేసిన సేవకు బిల్లుగాని రసీదుగాని ఇవ్వకపోవడాన్ని 2019 చట్టం అనుచిత వ్యాపార పద్ధతులలో ఒకటిగా పేర్కొన్నది.

అంగీకారం లేని పనికి రుసుము విషయంలో సమీరా కోహ్లీ కేసు గుర్తుంచుకోదగినది. 2008 జనవరి 16న వెలువడిన ఈ తీర్పు దంతచికిత్సకు సంబంధించినది కాదు; కానీ సూత్రం ఒకటే. పరీక్ష కోసం మాత్రమే అంగీకరించిన రోగికి, ఆమె మత్తులో ఉండగా, ఆమె అనుమతి లేని పెద్ద శస్త్రచికిత్స చేశారు. ప్రాణాపాయం లేనప్పుడు ఒక పనికి ఇచ్చిన అంగీకారం మరొక పనికి చెల్లదని సుప్రీం కోర్టు పేర్కొన్నది. ఆ శస్త్రచికిత్సకు వైద్యురాలికి రుసుము పొందే హక్కు లేదని, పైగా 25,000 రూపాయల పరిహారం చెల్లించాలని ఆదేశించింది. ముందు చెప్పకుండా అదనపు పని చేసి బిల్లు వేసినప్పుడు ఈ తీర్పు ఆధారమవుతుంది.

వైద్యులపై ఫిర్యాదు చేయాలంటే నిపుణుల సాక్ష్యం లేనిదే కుదరదన్న భయం చాలామందిలో ఉన్నది. హైదరాబాదులోని ఒక ఆసుపత్రిపై వచ్చిన కేసులో సుప్రీం కోర్టు 2010 మార్చి 8న ఈ భయాన్ని తొలగించింది. మలేరియా సోకిన రోగికి టైఫాయిడ్ చికిత్స చేశారన్నది అక్కడి ఫిర్యాదు. ప్రతి కేసులోనూ నిపుణుల అభిప్రాయం తప్పనిసరి కాదని కోర్టు స్పష్టం చేసి, జిల్లా ఫోరం ఇచ్చిన 2 లక్షల రూపాయల పరిహారపు ఉత్తర్వును నిలబెట్టింది. రుసుము లెక్కకు సంబంధించిన వివాదంలోనైతే రసీదులే ప్రధాన సాక్ష్యం.

సంపాదించవలసిన కాగితాలు

మొదటి రోజే చికిత్సా ప్రణాళికను, మొత్తం ఖర్చు అంచనాను రాతపూర్వకంగా అడగాలి. అందులో పంటి స్థానం, చేయబోయే పనులు, క్యాపు ఏ పదార్థంతో చేసినది, ఒక్కొక్క పని ధర, ఎక్స్‌రే వంటివి అందులో చేరి ఉన్నాయా లేదా అన్నది ఉండాలి. చెల్లించిన ప్రతిసారీ రసీదు తీసుకోవాలి. నగదుకు బదులు యూపీఐ ద్వారా కడితే బ్యాంకు ఖాతాలోనే రుజువు మిగులుతుంది.

చికిత్స మధ్యలో వివాదం వస్తే మొదట కోరవలసినవి రోగి రికార్డులు. దంతవైద్యుల నీతి నియమావళి, 2014 ప్రకారం చికిత్స మొదలైన నాటి నుండి కనీసం మూడేళ్ళు రికార్డులను భద్రపరచాలి. రోగి కోరినప్పుడు 72 గంటలలో అందజేయాలి. ఏ రోజు ఏ పని జరిగిందో చెప్పేది ఈ రికార్డే. బాకీ ఉన్నదన్న కారణంతో రికార్డులు నిరాకరిస్తే, ఆ నిరాకరణను కూడా లేఖలో పేర్కొనాలి.

వైద్యశాలకు రాయవలసిన లేఖ

నోటితో అడిగిన మాటకు రుజువు ఉండదు. లేఖ చిన్నదిగా, మర్యాదగా, లెక్కతో ఉండాలి. నేరుగా ఇచ్చి రెండవ ప్రతిపై సంతకం, ముద్ర తీసుకోవాలి. లేదా స్పీడ్ పోస్టులో పంపి చేరినట్లు రుజువు దాచుకోవాలి. నమూనా ఇది:

“అయ్యా / అమ్మా, నేను మీ వైద్యశాలలో ఫలానా తేదీ నుండి కింది దవడ కుడివైపు పంటికి చికిత్స పొందుతున్నాను. రూట్ కెనాల్, క్యాపు కలిపి 9,000 రూపాయలని మొదటి రోజు తెలిపారు. ఇప్పటివరకు 6,000 రూపాయలు చెల్లించాను. రసీదుల ప్రతులు జతపరిచాను. నాళాలు పూడ్చడం, క్యాపు అమర్చడం మిగిలి ఉన్నాయి. ఇప్పుడు 8,500 రూపాయలు కోరారు. దయచేసి ఏ పనికి ఎంత అన్నది విడివిడిగా రాసి ఇవ్వండి. నా చికిత్సా రికార్డు, ఎక్స్‌రేల ప్రతులు ఇవ్వండి. ఒప్పుకున్న 3,000 రూపాయలకు మిగిలిన పని పూర్తి చేయండి; అది సాధ్యం కాకపోతే జరగని పనికి తీసుకున్న సొమ్మును తిరిగి ఇవ్వండి. 15 రోజులలో మీ జవాబు కోరుతున్నాను.”

లేఖలో నిందలు, బెదిరింపులు ఉండరాదు. చికిత్స పూర్తి కావాలో, సొమ్ము వాపసు కావాలో స్పష్టంగా ఉండాలి. వైద్యశాలల్లో మరాఠీ ఎక్కువగా వాడుతున్నందున ఈ లేఖను మరాఠీలో రాయించుకొని, తెలుగు ప్రతిని తమ వద్ద ఉంచుకోవడం మేలు.

జవాబు రాకపోతే

మొదటి ద్వారం జాతీయ వినియోగదారుల సహాయవాణి. నంబరు 1915. ఇక్కడ తెలుగులో కూడా మాట్లాడవచ్చు. మరాఠీ రానివారికి ఇది పెద్ద వెసులుబాటు. సహాయవాణి తీర్పు ఇవ్వదు. అవతలి పక్షానికి ఫిర్యాదును చేరవేసి పరిష్కారానికి ప్రయత్నిస్తుంది. ఫిర్యాదు సంఖ్యను రాసి ఉంచుకోవాలి.

రెండవ ద్వారం జిల్లా వినియోగదారుల వివాద పరిష్కార ఆయోగం. నాందేడ్ జిల్లావారికి అది నాందేడ్‌లో ఉన్నది. చెల్లించిన సొమ్ము 50 లక్షల రూపాయలకు మించని వివాదాలను జిల్లా ఆయోగం విచారిస్తుంది. ఆ సొమ్ము 5 లక్షల వరకు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. ఇ-జాగృతి ద్వారా ఇంటి నుండే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. వివాదం తలెత్తిన నాటి నుండి రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే ఆయోగం మన్నించవచ్చు. అవతలి పక్షం 30 రోజులలో జవాబివ్వాలి. ఆయోగం మరో 15 రోజులు పొడిగించవచ్చు. ఇరుపక్షాలూ ఒప్పుకుంటే వివాదాన్ని మధ్యవర్తిత్వానికి పంపుతారు. సగంలో ఆగిన చికిత్సకు ఈ మార్గం తరచు అనుకూలం. జిల్లా ఆయోగం ఉత్తర్వు నచ్చకపోతే 45 రోజులలో రాష్ట్ర ఆయోగానికి అప్పీలు చేసుకోవచ్చు.

వలస కుటుంబాలకు అత్యంత ఉపయోగకరమైన మార్పు 2019 చట్టంలో ఉన్నది. ఫిర్యాదుదారు తాను నివసించే చోటగాని, స్వయంగా పనిచేసే చోటగాని ఫిర్యాదు చేయవచ్చు. నిజామాబాదులో చికిత్స మొదలుపెట్టి నాయ్‌గావ్‌లో నివసించే వ్యక్తి అక్కడికి తిరగనవసరం లేదు. నాందేడ్ ఆయోగంలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. నివాసానికి రుజువుగా రేషన్ కార్డు, అద్దె ఒప్పందం, విద్యుత్ బిల్లు వంటిది సిద్ధంగా ఉంచుకోవాలి.

మూడవది రాష్ట్ర దంతవైద్య మండలి. ఇది వైద్యుని నడవడికను విచారించే సంస్థ. రికార్డులు ఇవ్వకపోవడం, నమోదు లేని వ్యక్తి చికిత్స చేయడం వంటివి దీని ముందుకు తీసుకుపోవాలి. సొమ్ము వాపసు ఇప్పించడం దీని పని కాదు కనుక, వాపసు కోరేవారు ఆయోగాన్ని విడిచి మండలి చుట్టూ తిరిగి రెండేళ్ళ గడువు పోగొట్టుకోరాదు.

న్యాయ సహాయం అవసరమైనవారు జిల్లా న్యాయసేవా ప్రాధికార సంస్థను సంప్రదించవచ్చు. సహాయవాణి నంబరు 15100. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీలు, షెడ్యూల్డ్ కులాలు, తెగలవారు, పారిశ్రామిక కార్మికులు తదితరులకు ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. స్త్రీలకు ఆదాయ పరిమితి లేదు.

వాయిదాలపై చికిత్స

ఇటీవల ఖరీదైన దంతచికిత్సలకు నెలవారీ వాయిదాల పద్ధతి వ్యాపించింది. రోగి వైద్యశాలకే వాయిదా కడుతున్నానని అనుకుంటాడు. నిజానికి చాలా సందర్భాలలో ఒక ఫైనాన్సు కంపెనీ రోగి పేర రుణం మంజూరు చేసి, మొత్తాన్ని వైద్యశాలకు ముందే చెల్లిస్తుంది. అప్పటి నుండి రోగికి రెండు ఒప్పందాలు ఉంటాయి: వైద్యశాలతో చికిత్స, కంపెనీతో రుణం. చికిత్స ఆగినంత మాత్రాన రుణం దానంతట అది ఆగదు.

ఈ ప్రమాదం ఎంతటిదో అమెరికాలో జరిగిన ఒక సంఘటన చూపింది. పళ్ళను సరిచేసే ప్లాస్టిక్ అచ్చులు అమ్మే స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ అనే కంపెనీ 2023 డిసెంబరులో మూతపడింది. చికిత్స మధ్యలో ఉన్నవారికి సేవ నిలిచిపోయింది. అయినా వాయిదాల పథకంలో ఉన్నవారు చెల్లింపులు కొనసాగించవలసిందేనని కంపెనీ ప్రకటించింది. స్పెయిన్‌లోనూ 2018లో ఐడెంటల్ అనే దంతవైద్యశాలల గొలుసు కూలిపోయినప్పుడు, అసంపూర్ణ చికిత్సతో పాటు రుణభారమూ రోగుల మీద మిగిలింది.

మన దేశంలో రుణం తీసుకునేవారికి కొన్ని రక్షణలు ఉన్నాయి. రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15 నాటి ఆదేశం ప్రకారం, రుణం ఇచ్చే సంస్థ వడ్డీ, ఇతర రుసుములు, మొత్తం భారం తెలిపే ముఖ్యాంశ పత్రాన్ని రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. అంటే తెలుగు మాత్రమే చదవగలవారు తెలుగులో కోరవచ్చు. ఫోను ద్వారా తీసుకున్న డిజిటల్ రుణమైతే, మొదట్లో ఒక చిన్న గడువులోగా అసలు, ఆ రోజుల వడ్డీ తిరిగి కట్టి జరిమానా లేకుండా రుణం నుండి తప్పుకోవచ్చు. ఆ గడువు ఎన్ని రోజులో పత్రంలో ఉంటుంది.

కార్డు లేదా యూపీఐ నుండి దానంతట అదే సొమ్ము కోసుకునే ఏర్పాటు ఉంటే, కోతకు కనీసం 24 గంటల ముందు సమాచారం ఇవ్వాలి. ఆ ఏర్పాటును ఉపసంహరించుకునే అవకాశమూ ఉండాలి. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రుణం ఇంకా ఉండగా కోతను మాత్రం ఆపివేస్తే జరిమానా పడవచ్చు. రుణ చరిత్ర దెబ్బతినవచ్చు. కాబట్టి ముందుగా వైద్యశాలకు, రుణసంస్థకు ఒకే రోజున లేఖలు రాయాలి. చికిత్స ఆగిన తేదీ, జరగని పని విలువ తెలిపి, వైద్యశాల ఆ సొమ్మును రుణసంస్థకు తిరిగి ఇచ్చి రుణాన్ని తగ్గించాలని కోరాలి. రుణసంస్థ 30 రోజులలో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సమాచారానికి 14448 నంబరు ఉన్నది. ఆయోగంలో ఫిర్యాదు చేసేటప్పుడు వైద్యశాలతో పాటు రుణసంస్థను కూడా ప్రతిపక్షంగా చేర్చడం మంచిది.

రోగి అనుమతే లేకుండా ఖాతా నుండి సొమ్ము పోయినట్లయితే అది వేరే విషయం. వెంటనే బ్యాంకుకు తెలపాలి. మూడవ వ్యక్తి వల్ల జరిగిన అనధికార లావాదేవీని మూడు పనిదినాలలో తెలిపినవారికి బాధ్యత ఉండదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6 నాటి ఆదేశంలో పేర్కొన్నది.

వివాదం సాగుతుండగా పంటి సంగతి

ఫిర్యాదుకు నెలలు పట్టవచ్చు. తెరిచిన పన్ను అంతకాలం ఆగదు. తాత్కాలిక ఫిల్లింగు పేరుకు తగినట్లు తాత్కాలికమే. అది అరిగి, ఊడితే ఉమ్మి, సూక్ష్మక్రిములు లోపలికి చేరి, శుభ్రం చేసిన నాళం మరల చెడుతుంది. క్యాపు లేని పన్ను కొరికినప్పుడు విరిగిపోవచ్చు. క్లిప్పుల తీగలను నెలల తరబడి పర్యవేక్షణ లేకుండా వదిలితే పళ్ళు అనుకోని దిశలో కదలవచ్చు.

అందువల్ల వైద్యశాలతో సంబంధం చెడినప్పుడు, రికార్డులు తీసుకొని ప్రభుత్వ ఆసుపత్రి దంతవిభాగంలోనో, మరొక నమోదిత వైద్యుని వద్దనో పంటిని చూపించాలి. ఏ పని పూర్తయింది, ఏది మిగిలింది, ఇప్పటి స్థితి ఏమిటి అన్నది తేదీతో రాయించుకోవాలి. కొత్త ఎక్స్‌రే తీయించుకోవాలి. రెండవ వైద్యుడు పని మొదలుపెట్టిన తరువాత పాత స్థితిని రుజువు చేయడం కష్టం కనుక, ఈ కాగితం చికిత్సకు ముందే చేతికి రావాలి. రెండవ చోట అయిన ఖర్చు రసీదులు కూడా దాచాలి. వాటిని పరిహారంలో భాగంగా కోరవచ్చు. నొప్పి తీవ్రంగా ఉండి, జ్వరం, ముఖంపై వాపు కనిపిస్తే కాగితాల కోసం ఆగక వెంటనే వైద్యుని చేరాలి.

మరాఠీ కార్యాలయంలో ఉపకరించే మాటలు

నాందేడ్ ప్రాంతం 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగం. కచేరీ మాటలు అనేకం రెండు భాషలలోనూ ఇప్పటికీ కలిసే ఉన్నాయి. తెలుగులో తకరారు అంటే పేచీ. మరాఠీలో తక్రార్ అంటే ఫిర్యాదు. తెలుగు పత్రాలలో కనిపించే పావతి మరాఠీలోనూ పావతీయే, అంటే రసీదు. అర్జీని అర్జ్ అంటారు. గ్రాహక్ అంటే వినియోగదారు. దర్‌పత్రక్ అంటే ధరల పట్టిక. సమ్మతీపత్ర అంటే అంగీకార పత్రం. ఉప్‌చార్ అంటే చికిత్స. హప్తా అంటే వాయిదా. పోచ్ అంటే అందినట్లు ఇచ్చే గుర్తు. లేఖ ఇచ్చి “పోచ్ ద్యా” అని అడిగితే, రెండవ ప్రతిపై సంతకం చేసి ఇమ్మని అడిగినట్లు.

సాధన

1. ఒక విద్యార్థిని క్లిప్పుల చికిత్సకు 24 నెలలకు 30,000 రూపాయలని ఒప్పుకొని మొత్తం కట్టింది. మధ్యలో ఐదు నెలలు వెళ్ళలేదు. 24 నెలలు దాటిన తరువాత నెలకు 500 అడుగుతున్నారు. ఇది న్యాయమా?

జవాబు: ఆలస్యంలో రోగి వంతు ఎంతో ముందు తేల్చాలి. ఆమె మానిన ఐదు నెలలకు అదనపు రుసుము అడగడానికి వైద్యశాలకు కారణం ఉన్నది. ఆ నిబంధన ఒప్పందంలో ఉన్నదా, ముందుగా తెలిపారా అన్నది చూడాలి. ఐదు నెలలకు మించి సాగితే మిగిలిన ఆలస్యానికి కారణం వైద్యశాల చెప్పాలి.

2. వైద్యశాల మూతపడింది. నెలనెలా ఖాతా నుండి వాయిదా పోతున్నది. మొదట ఏమి చేయాలి?

జవాబు: ముఖ్యాంశ పత్రం చూసి రుణం ఎవరి పేర, ఎవరి వద్ద ఉన్నదో తెలుసుకోవాలి. వైద్యశాలకు, రుణసంస్థకు ఒకే రోజున లేఖలు రాయాలి. మరొక వైద్యుని వద్ద పంటి స్థితిని రాయించుకోవాలి. 30 రోజులలో రుణసంస్థ స్పందించకపోతే అంబుడ్స్‌మన్‌ను, సొమ్ము వాపసు కోసం జిల్లా ఆయోగాన్ని ఆశ్రయించాలి.

3. రసీదులు లేవు, మొత్తం నగదుగా కట్టారు. ఫిర్యాదు కుదరదా?

జవాబు: కుదురుతుంది. మందుల చీటీలు, ఎక్స్‌రేలు, తేదీలు తెలిపే ఫోను సందేశాలు, వెంట వెళ్ళినవారి సాక్ష్యం ఉపయోగపడతాయి. రసీదు ఇవ్వకపోవడమే చట్టరీత్యా ఒక తప్పు కనుక ఆ సంగతిని కూడా ఫిర్యాదులో చేర్చాలి. మిగిలిన చెల్లింపులకైనా ఇకపై పావతి తీసుకోవాలి.